పాలపిట్టా, ఊడల మర్రా: సంఘ చిహ్నానికి ఏది మేలు?

మహబూబ్‌నగర్ చుట్టుపక్కల పూర్వ విద్యార్థుల సంఘాలవారు, యువజన సంఘాలవారు చిహ్నం గీయించుకోదలచినప్పుడల్లా నన్ను అడిగే ప్రశ్న ఒకటే: పిట్టనో జంతువునో పెట్టుకోవాలా, చెట్టునో పువ్వునో పెట్టుకోవాలా? ఈ మధ్య మా ఊరి బడి పూర్వ విద్యార్థుల సంఘానికి ఈ ఎంపిక నేనే చేయవలసి వచ్చింది కనుక, చివరిదాకా నిలిచిన పాలపిట్టను, మర్రిచెట్టును పక్కపక్కన పెట్టి చెబుతాను.

సింహాల మాట ఎత్తనక్కరలేదు. 2005 నాటి చట్టం జాతీయ చిహ్నాన్ని ప్రైవేటు సంఘాలు వాడుకోవడాన్ని నిషేధించింది. చుక్కల జింకకు చిన్న ముద్రలో చుక్కలు నిలవవు. తంగేడు బతుకమ్మకు ప్రాణమే అయినా, పసుపు రంగు తీసేస్తే ఐదు రేకుల పువ్వుగా మాత్రమే మిగులుతుంది.

పాలపిట్ట మీద మనవారికున్న ప్రేమ చిన్నది కాదు. దసరా నాడు ఊరి పొలిమేర దాటి దాని దర్శనం చేసుకుని వచ్చే జనానికి అది రాష్ట్ర పక్షి కాకముందే తమ పక్షి. పైగా, చెట్టుకు లేని కదలిక పక్షికి ఉంది. 2000లో దక్షిణాఫ్రికా స్వీకరించిన రాజలాంఛనంలో, అంటే ఆ దేశ అధికారిక చిహ్నంలో, సెక్రటరీ పక్షి రెక్కలు పైకెత్తి నిలిచిన తీరు చూస్తే, పక్షి బొమ్మకు ఎంత ఠీవి వస్తుందో తెలుస్తుంది. అయితే ఆ పక్షికి తల వెనుక పొడవాటి ఈకల కుచ్చు ఉంది. నల్లగా అచ్చువేసినా అదే దాని ఆనవాలు. పాలపిట్ట ఆనవాలంతా రెక్కల నీలంలోనే ఉంది. రసీదు మీద, రబ్బరు స్టాంపులో ఆ నీలం పోతే, గోరింకకూ దానికీ తేడా చెప్పడం కష్టం.

నా దృష్టిలో తీర్పు చెప్పవలసింది ఇక్కడే. యూరప్ లాంఛన సంప్రదాయంలో ప్రమాణం బొమ్మ కాదు, దానిని వర్ణించే వాక్యం. ఆ వాక్యానికి కట్టుబడి ఏ చిత్రకారుడు గీసినా అది అదే లాంఛనమవుతుంది. అందుచేత నాలుగు మాటల్లో చెబితే పదిమంది చేతుల్లోనూ ఒకే రూపం వచ్చేదే మంచి చిహ్నం. 1965లో కెనడా తన జెండాకు ఎంచుకున్న మేపుల్ ఆకు అంచును చూసే ఎవరైనా గుర్తుపడతారు. ఈ పరీక్షే మా బడి పిల్లలకు పెట్టాను. రెక్కలు విప్పిన పాలపిట్టను గీయమంటే కొందరు పావురాన్ని, కొందరు డేగను గీశారు. ఊడలు నేలను తాకిన మర్రిని గీయమంటే మాత్రం దాదాపు అందరూ ఒకే చెట్టును గీశారు. మర్రి ఆకారం ఆకుల్లో కాక ఊడల్లో ఉండడమే అందుకు కారణం. ఇండోనేషియా జాతీయ చిహ్నంలో గరుడుని రొమ్ము మీది డాలులో ఒక గడి నిండా మర్రిచెట్టు ఉంది. అంత చిన్న చోటులోనూ అది దేశ ఐక్యతకు గుర్తుగా నిలిచింది.

పాలమూరు పిల్లలకైతే మర్రిని పరిచయం చేయనక్కరలేదు. మూడెకరాల మేర పరుచుకున్న పిల్లలమర్రి నీడకు బడి నుంచి విహారయాత్రగా వెళ్లనివారు తక్కువ. ఆ చెట్టుకు చెదలు పట్టి, 2018లో కొమ్మలకు సెలైన్ సీసాలతో మందు ఎక్కించారు కదా, జబ్బుపడిన చెట్టు చిహ్నమేమిటని మా సభ్యుడొకరు అభ్యంతరం చెప్పారు. అయితే ఏది అసలు మానో తెలియనంతగా ఊడలే మానులై దానిని మోస్తున్నాయి. బడి విడిచి వెళ్లి, తిరిగి వచ్చి ఆ బడికే ఆసరాగా నిలవాలనుకునేవారికి ఇంతకంటే తగిన బొమ్మ నాకు కనబడలేదు.

పక్షుల పరిరక్షణకే పూనుకున్న సంఘమైతే పాలపిట్టనే పెట్టుకోవచ్చు. అప్పుడు రెక్కలను పూర్తిగా విప్పి, వాటి మీది ముదురు, లేత పట్టీలను నలుపు తెలుపుల్లో వేరుగా చూపించాలి. మా తీర్మాన పుస్తకంలో మాత్రం ఒకే వాక్యం రాసుకున్నాము: తెల్లని నేపథ్యం మీద పచ్చని మర్రి, నేలను తాకిన ఐదు ఊడలు.