పాత ఇళ్లు కొలిచే విద్యార్థికి బాష్ జీఎల్ఎం 40

ఇంటీరియర్ ఆర్కిటెక్చర్‌లో పీజీ చేస్తున్నానని చెప్పగానే చాలామంది తమ హాలుకు ఏ రంగు వేయించాలో అడుగుతారు. రంగుల దాకా రావడానికి మాకు చాలా కాలం పడుతుంది. ఉన్న భవనాన్ని పడగొట్టకుండా లోపలి నుంచి మార్చి, కొత్త అవసరానికి తగినట్టు చేయడం మా చదువులో ప్రధానమైన పని. అందుకు ముందు ఆ భవనం ఎంత ఉందో, ఎలా ఉందో పూర్తిగా తెలియాలి. మా రోజులు చాలావరకు కొలతలు తీసుకోవడంతోనూ, వాటిని కంప్యూటర్‌లో గీతలుగా మార్చడంతోనూ గడిచిపోతాయి. ల్యాప్‌టాప్ తర్వాత నా సంచిలో ఎప్పుడూ ఉండే వస్తువు బాష్ సంస్థ తయారుచేసిన జీఎల్ఎం 40 లేజర్ కొలత పరికరం. ఈ కోర్సులో కొత్తగా చేరిన జూనియర్లు దీని గురించి తరచూ అడుగుతున్నారు. అందుకే వివరంగా రాస్తున్నాను.

ముందు వస్తువు సంగతి. చొక్కా జేబులో పట్టేంత చిన్నది. రెండు ఏఏఏ బ్యాటరీలతో నడుస్తుంది. 15 సెంటీమీటర్ల నుంచి 40 మీటర్ల దాకా కొలుస్తుంది. కొలతలో తేడా సాధారణంగా 1.5 మిల్లీమీటర్లకు మించదని సంస్థ చెబుతుంది. పొడవు, వైశాల్యం, ఘనపరిమాణం చూపిస్తుంది. చేతికి అందని ఎత్తులను పైథాగరస్ సూత్రంతో లెక్కకట్టి చెబుతుంది. బ్లూటూత్ లేదు. మీట నొక్కితే గోడ మీద ఎర్రని చుక్క పడుతుంది, మళ్లీ నొక్కితే తెర మీద అంకె వస్తుంది. నేర్చుకోవలసింది అంతే.

ఆ అంకె ఎలా వస్తుందో తెలిస్తే దాన్ని ఎక్కడ నమ్మాలో కూడా తెలుస్తుంది. కాంతి ఒక్క నానోసెకనులో 30 సెంటీమీటర్లు వెళ్లిపోతుంది. గోడ దాకా వెళ్లి వచ్చిన సమయాన్ని నేరుగా లెక్కపెట్టి మిల్లీమీటరు తేడాను పట్టుకోవడం చాలా కష్టం. అందుకే చేతిలో పట్టుకునే ఈ రకం పరికరాలు సాధారణంగా కాంతి తీవ్రతను అలలాగా పెంచుతూ తగ్గిస్తూ పంపుతాయి. తిరిగి వచ్చిన అల ఎంత వెనకబడిందో చూసి దూరం తేలుస్తాయి. వెనక్కి కాంతి సరిగా రాకపోతే కొలత కూడా సరిగా రాదు. అద్దం, గాజు, నల్లగా మెరిసే చెక్క ఇబ్బంది పెట్టేది అందుకే. చేతిలో ఇమిడే లేజర్ పరికరాల్లో మొదటిదైన డిస్టోను లైకా 1993లో తెచ్చింది. ఇప్పుడు అలాంటి పరికరం విద్యార్థి సంచిలోకి కూడా వచ్చింది.

ఈ సెమిస్టరులో మా స్టూడియో ప్రాజెక్టు కోనసీమలోని ఒక మండువా లోగిలి. దాన్ని ఊరి పిల్లలు సాయంత్రాలు కూర్చుని చదువుకునే చోటుగా మార్చాలి. హైదరాబాద్ నుంచి గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో వెళ్లి రాజమండ్రిలో దిగి, రావులపాలెం మీదుగా బస్సులో ఊరు చేరుకుంటాం. నడుమ ఆకాశానికి తెరుచుకున్న మండువా, చుట్టూ టేకు స్తంభాలు, నాలుగు వైపుల నుంచీ లోపలికి వాలిన పెంకుల కప్పు, డంగు సున్నంతో కట్టిన మందపాటి గోడలు. ఆ ఇంటికి కాగితం మీద పటం అంటూ ఏదీ లేదు. కట్టిన మేస్త్రీలు, వడ్రంగులు కొలతలన్నీ మనసులోనే పెట్టుకున్నారు. ఇలాంటి ఇళ్లను ఏటా కూలగొడుతూనే ఉన్నారు. కూలిన ఇంటి పటం ఎక్కడా మిగలడం లేదు. ఇంటిని నిలబెట్టలేకపోయినా పటాన్నైనా నిలబెట్టాలన్న పట్టుదలతో మా బృందం కొలవడం మొదలుపెట్టింది.

టేపుతో ఈ పని చేయడానికి ముగ్గురు కావాలి. ఒకరు సున్నా చివర పట్టుకోవాలి, ఒకరు అంకె చదవాలి, ఒకరు రాసుకోవాలి. నిడివి పెరిగేకొద్దీ టేపు నడుమ వంగుతుంది. 8 మీటర్ల నిడివిలో టేపు మధ్యలో 10 సెంటీమీటర్లు కుంగితే కొలత 3 మిల్లీమీటర్ల పైచిలుకు ఎక్కువ చూపిస్తుంది. లేజర్‌తో ఇద్దరు చాలు. గదిలో మంచాలు, ధాన్యపు బస్తాలు ఉన్నా వాటి మీదుగా చుక్కను అవతలి గోడకు పంపవచ్చు. మనుషులు కాపురం ఉంటున్న ఇల్లు కాబట్టి సామాన్లు జరపమని అడిగే పని లేకపోవడం నాకు పెద్ద ఊరట.

నేను ఈ పరికరానికి మనస్ఫూర్తిగా మార్కులు వేసేది మాత్రం కర్ణాల దగ్గర, అంటే గది ఎదురెదురు మూలల మధ్య దూరాల దగ్గర. పొడవు, వెడల్పు కొలిచి వదిలేస్తే ప్రతి గదీ చక్కని దీర్ఘచతురస్రంలాగే కనిపిస్తుంది. ఆ ఇంటి పడమటి గది 3.60 మీటర్ల వెడల్పు, 4.20 మీటర్ల పొడవు. మూలలన్నీ మూలమట్టానికి ఉంటే రెండు కర్ణాలూ 5.53 మీటర్లు రావాలి. లేజర్ ఒకవైపు 5.490 చూపింది, రెండోవైపు 5.574. అంటే 8 సెంటీమీటర్ల పైగా తేడా. మూల దగ్గర చూస్తే ఇది ఒక డిగ్రీ కూడా లేని వంకర. కంటికి ఏమాత్రం ఆనదు. కానీ 3.60 మీటర్ల గోడ పొడవునా గోడకు అతికినట్టు పుస్తకాల అరలు చేయించి, వాటిని పక్క గోడకు మూలమట్టంగా పెట్టామనుకోండి. ఆ చివర గోడకూ అరకూ మధ్య 5 సెంటీమీటర్లకు మించి సందు తేలుతుంది. పల్లెలో వడ్రంగి చేత ఖరీదైన చెక్క కోయించాక ఆ సందు బయటపడితే నష్టపోయేది ఇంటివాళ్లే. టేపుతో కర్ణాలు కొలవాలంటే సామాన్ల మధ్య పాకులాడాలి కాబట్టి చాలామంది ఆ పనే మానేస్తారు. లేజర్ చేతిలో ఉంటే మానడానికి సాకు ఉండదు. ప్రతి గదికీ రెండు కర్ణాలూ కొలవండి, రెండూ ఒకే ఎత్తులో కొలవండి. సున్నపు పూత వల్ల మూల గుండ్రంగా ఉంటే ఎదుటి మూలలో ఒకరు తెల్ల అట్టముక్క పట్టుకోవాలి. ఇవతల పరికరం వెనక అంచును ఎక్కడ ఆనించారో పెన్సిలుతో గుర్తు పెట్టుకోవాలి.

చెయ్యి నిలకడ గురించి కూడా చెప్పాలి. పరికరం ఎదుటి గోడకు నిటారుగా చూడకుండా కాస్త వాలితే ఏటవాలు దూరం కొలుస్తుంది, అది ఎప్పుడూ అసలు దూరం కన్నా ఎక్కువే. 5 మీటర్ల గదిలో 2 డిగ్రీలు వాలితే 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. 5 డిగ్రీలు వాలితే ఏకంగా 19 మిల్లీమీటర్లు. పెట్టె మీద రాసిన 1.5 మిల్లీమీటర్ల కచ్చితత్వం చెయ్యి నిటారుగా ఉన్నప్పుడే అక్కరకు వస్తుంది. పరికరం వెనక భాగాన్ని గోడకు పూర్తిగా ఆనించండి. గోడ గతుకులుగా ఉంటే చిన్న చదునైన చెక్కముక్కను మధ్యలో పెట్టి, దాని మందాన్ని కొలతకు కలుపుకోండి. ఆగకుండా కొలుస్తూ ఉండే నిరంతర కొలత పద్ధతి పెట్టి చుక్కను గోడ మీద నెమ్మదిగా అటూ ఇటూ తిప్పుతూ అన్నిటికన్నా చిన్న అంకెను తీసుకోవడం ఇంకా మంచి పద్ధతి.

మండువాలో పగటి పూట పని సాగదు. ఎర్ర లేజర్ తరంగదైర్ఘ్యం 635 నానోమీటర్లు. మన కన్ను వెలుతురులో అన్నిటికన్నా బాగా పట్టేది 555 నానోమీటర్ల దగ్గరి ఆకుపచ్చను. మిట్టమధ్యాహ్నం ఎండలో ఎర్రచుక్క ఎక్కడ పడిందో వెతికినా కనిపించదు. ఎర్ర లేజర్ ఉన్న ఏ పరికరానికైనా ఈ ఇబ్బంది తప్పదు. అందుకే మండువా కొలతలు తెల్లవారుజామున, వసారా కొలతలు పొద్దు వాలాక పెట్టుకున్నాం. ఎండెక్కిన తర్వాత లోపలి గదుల పని. దశాబ్దాల చమురు చేతులతో నల్లబడి మెరిసే టేకు స్తంభాల మీద తెల్ల కాగితం అంటించి దాని మీద చుక్క వేశాం.

ఇంటి మామ్మగారు మా వెనకే తిరుగుతూ అన్నీ గమనించారు. "ఏమ్మా, ఆ ఎర్రచుక్క గోడకేమీ చెయ్యదు కదా?" అని అడిగారు. గోడకు ఏమీ కాదు, కళ్లలోకే పడకూడదు అని చెప్పాను. ఇది రెండో తరగతి లేజర్, ఒక మిల్లీవాటు లోపు శక్తి. పొరపాటున పడితే రెప్ప వేసి తప్పుకుంటాం, కానీ కావాలని చూస్తూ ఉండకూడదు. ఆ ఇంట్లో చిన్న పిల్లలు ఉన్నారు కాబట్టి పని లేనప్పుడు పరికరాన్ని సంచిలో వేసేవాళ్లం.

ఎత్తుల విషయంలో పరికరం చేసిన మేలు మరువలేనిది. పెంకుల కిందికి, వాసాల సందుల్లోకి, దూలం అడుగుకు నిచ్చెన లేకుండా చుక్క చేరుతుంది. అయితే నేల నుంచి కొలిచిన ఎత్తులను నమ్మలేం. పాత ఇళ్లలో నీళ్లు పోవడానికి నేలను మండువా వైపు వాలుగా వేస్తారు. ఊరి మేస్త్రి గారు నీళ్లు నింపిన సన్నని ప్లాస్టిక్ గొట్టంతో ఇల్లంతా ఒకే మట్టం గుర్తులు పెట్టి ఇచ్చారు. ఆ గుర్తుల నుంచి పైకీ కిందికీ లేజర్‌తో కొలిచాం. నేల ఎక్కడ ఎంత వాలిందో, ఏ దూలం ఎంత కుంగిందో అప్పుడే తేలింది. నేరుగా కొలవడానికి వీలున్నచోట పైథాగరస్ పద్ధతి వాడకండి. రెండు కొలతల్లోని తేడాలు అందులో కలిసిపోతాయి.

చెక్కపని దగ్గర మాత్రం లేజర్‌ను పక్కన పెట్టాలి. ద్వారబంధం చెక్కడాలు, గడప మందం, దీపపు గూడు లోతు దీనికి అందవు. 15 సెంటీమీటర్లకు తక్కువైతే చదవదు కదా. "గుమ్మం దగ్గర టేపే పెట్టండమ్మా, చెక్కను చేత్తో తడిమి కొలవాలి" అన్నారు మేస్త్రి గారు. ఆయన అన్నది నిజం. స్తంభాలకు మామ్మగారి కుట్టు టేపు వాడాం. చుట్టుకొలత 66 సెంటీమీటర్లు వస్తే వ్యాసం 21. వంపుల కోసం దళసరి కాగితాన్ని చెక్కకు ఆనించి గీసుకున్నాం.

ఫోనుతో కొలిస్తే సరిపోదా అని కొందరు అడుగుతున్నారు. 2020 నుంచి ఐఫోన్ ప్రో రకాల్లో లైడార్, అంటే కాంతితో దూరాలు పట్టే సెన్సార్, ఉంది. గది ఆకారాన్ని నిమిషాల్లో పట్టుకుంటుంది, మా పనిని అధ్యాపకులు పరిశీలించే జ్యూరీలో చూపించడానికి బాగుంటుంది. 5 మీటర్లు దాటితే దాని పట్టు సడలిపోతుంది, తేడాలు సెంటీమీటర్లలో ఉంటాయి. అరలు చేయించే కొలతకు అది పనికిరాదు. రెండూ ఉంటే ఫోనుతో ఆకారం, లేజర్‌తో కొలత తీసుకోవచ్చు.

జీఎల్ఎం 40లో నాకు నచ్చని విషయం ఒక్కటే. చివరి పది కొలతలనే గుర్తుంచుకుంటుంది. ఒక గది పూర్తిగా కొలిచేసరికి పది ఎప్పుడో దాటిపోతాయి. కాబట్టి ప్రతి అంకెనూ అప్పటికప్పుడు పుస్తకంలో రాయాల్సిందే. మా పద్ధతి ఇది. గది పటాన్ని చేత్తో గీసుకుంటాం. కొలిచే మనిషి అంకెను పైకి చదువుతుంది. రాసే మనిషి దాన్ని తిరిగి చదివి వినిపించాకే తర్వాతి కొలత. రాత్రి బసకు వెళ్లి ఆ రోజు కొలిచిన గదులను ఆ రోజే కంప్యూటర్‌లో పటాలు గీసే ఆటోక్యాడ్‌లో గీస్తాం. కర్ణాలు కలవని గది అక్కడే బయటపడుతుంది, మర్నాడు ఇంకా ఊళ్లోనే ఉంటాం కాబట్టి మళ్లీ కొలవవచ్చు. హైదరాబాద్ వచ్చాక గీద్దామనుకుంటే తలుపు వెడల్పు ఒక్కటి తగ్గినా మళ్లీ రాత్రి రైలు ఎక్కాలి.

ఎక్కువగా ఆరుబయట పనిచేసేవాళ్లు, కొలతలు నేరుగా ఫోనులోకి రావాలనుకునేవాళ్లు ఆకుపచ్చ లేజర్, బ్లూటూత్ రెండూ ఉన్న జీఎల్ఎం 50-27 సీజీ చూడండి. ధర బాగా ఎక్కువ. ఇళ్ల లోపల పని చేసే మా విద్యార్థులకు 40 చాలు. స్టూడియో బృందం డబ్బు కలిపి ఒకటి కొనుక్కున్నా రెండేళ్ల చదువుకు సరిపోతుంది. కొన్న రోజునే మంచి స్టీలు టేపుతో 3 మీటర్లు కొలిచి, పరికరం అంకెతో పోల్చి చూడండి. సెలవులకు ఇంటికి వెళ్లేటప్పుడు బ్యాటరీలు తీసి పెట్టండి. లోపల కారితే కొలత సంగతి అటుంచి పరికరమే పోతుంది.