బుర్జ్ ఖలీఫాకు ఇనుము కట్టిన చిన్నాయనతో ఓరుగల్లు, రామప్ప

లాడ్జిలో మాకు ఇచ్చిన గది మూడో అంతస్తులో. లిఫ్టు పనిచేయడం లేదు. చేతిలో రెండు సంచులతో మెట్లెక్కుతూ చిన్నాయన నవ్వాడు: "నూట అరవై మూడు అంతస్తుల దగ్గర పనిచేసి వచ్చిన నాకు ఇక్కడ మూడు ఎక్కడానికే ఆయాసం వస్తోంది."

సంక్రాంతి సెలవుల్లో జగిత్యాల నుంచి ఐదుగురం బయల్దేరాం. నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, చిన్నాయన. ఆయన పదమూడేళ్లు దుబాయిలో ఉండి వచ్చాడు. అందులో నాలుగేళ్లు బుర్జ్ ఖలీఫా పనిలోనే గడిచాయి. అప్పట్లో దాని పేరు బుర్జ్ దుబాయ్. 2010 జనవరి 4న తెరిచిన రోజునే పేరు మార్చారు. మా వీధిలో మాత్రం అది ఇప్పటికీ "చిన్నాయన కట్టిన బిల్డింగు". ఎవరు కలిసినా పైనుంచి చూస్తే ఎలా ఉంటుందని ఆయన్ను అడుగుతారు. ఆయన ఏదో ఒకటి చెప్పి దాటేస్తాడు.

లాడ్జి సంగతి ముందే చెప్పేస్తాను. హనుమకొండ చౌరస్తాకు నడిచివెళ్లే దూరం, గది శుభ్రం, వేడినీళ్లు ఉదయం ఏడు దాటాకే. రాత్రంతా బస్సుల హారన్లు. అయినా రెండు రాత్రులకు పట్టణంలోనే ఉండడం నయమనిపించింది. రామప్ప చెరువు గట్టున కాటేజీలున్నాయి, చోటు అందంగా ఉంటుంది. కానీ చీకటి పడ్డాక పిల్లలు ఆకలంటే పక్కన మరో హోటల్ దొరకదు.

తొలి సాయంత్రం వేయిస్తంభాల గుడి. 1163లో రుద్రదేవుడు కట్టించిన త్రికూటాలయం. శివుడు, విష్ణువు, సూర్యుడు. పక్కనున్న కళ్యాణ మండపాన్ని పునాది కుంగిందని రాయి రాయిగా విప్పి, మళ్లీ పేర్చి, 2024లో తెరిచారు. విప్పడానికీ తెరవడానికీ మధ్య పదిహేనేళ్లకు పైగా గడిచాయని చెబితే చిన్నాయన ఆశ్చర్యపోలేదు. "దుబాయిది తవ్వకంతో కలిపి ఆరేళ్లు. కొత్తది కట్టడం తేలిక. ఒకరు కట్టింది విప్పి అదే రాయి అదే చోట పెట్టాలంటే ఎన్నేళ్లయినా పడుతుంది" అన్నాడు. గుడి ఆవరణ చక్కగా ఉంది. చెప్పులు పెట్టే చోట మాత్రం ఎవరి జత ఎవరిదో తెలియదు. మా చిన్నవాడు రెండు కాళ్లకూ రెండు రకాలు వేసుకొచ్చాడు, లాడ్జికి చేరేదాకా మేం చూసుకోలేదు.

రెండో రోజంతా రామప్పకే. హనుమకొండ నుంచి ములుగు బస్సులు తరచుగానే ఉన్నాయి. అక్కడి నుంచి పాలంపేటకు నేరు బస్సు కోసం గంట చూసి ఆటో మాట్లాడుకున్నాం. వెళ్లిరావడానికీ, మధ్యలో మూడు గంటలు ఆగడానికీ కలిపి మాట్లాడుకోవడం మంచిది. తిరుగు ప్రయాణానికి విడిగా చూసుకుందాంలే అనుకున్నవారు గేటు దగ్గర ఎండలో నిలబడి కనిపించారు. తిండి వెంట తీసుకెళ్లండి. మాకు సకినాలు, పులిహోర ఉన్నాయి కాబట్టి గడిచింది.

గుడి గురించి కొత్తగా నేను చెప్పేదేముంది! 1213లో గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడు. 2021 జులైలో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. గైడు ఐదువందలు అడిగి మూడువందలకు ఒప్పుకున్నాడు. అందరికీ చూపించేవే మాకూ చూపించాడు: తడితే స్వరాలు పలికే శిల్పం, చూరు కింద నల్లరాతి మదనికలు, అద్దంలా మెరిసే స్తంభాలు. పిల్లలకు నచ్చాడు. చిన్నాయన మాత్రం శిల్పాల వైపు ఒకసారి చూసి, గొంతుక్కూర్చుని అరుగు అంచున రాళ్ల అతుకు మీద బొటనవేలు పెట్టాడు. ఆ వేలికి ఒక పక్క చర్మం గట్టిపడి కాయ కాసి ఉంటుంది. బైండింగ్ వైరును కొక్కెంతో మెలితిప్పీ మెలితిప్పీ అలా అయింది. అతుకు వెంట వేలిని జానెడు దూరం నడిపించి, "కింద ఏముంది?" అని అడిగాడు.

"ఇసుక. భూకంపం వచ్చినా ఏమీ కాదు" అన్నాడు గైడు.

"ఇసుక పక్కకు జారదా?"

గైడు దగ్గర జవాబు లేదు. మదనికల దగ్గరికి పోదాం రండి అన్నాడు. ఇంత దూరం వచ్చాక నాకు అసంతృప్తి మిగిలింది ఒక్క ఇక్కడే. గుడి గొప్పతనంలో సగం నేలలో ఉంటే చూపించేదంతా నేలపైనే. గొయ్యి తవ్వి ఇసుకతో నింపి దాని మీద గుడి నిలబెట్టారు. నాలుగు వైపులా గట్టి నేల ఆ ఇసుకను బిగించి పట్టుకుంటుంది కాబట్టి అది జారదు. నేల కదిలితే ఆ అదురును ఇసుక కొంత మింగేస్తుంది. లోపల గచ్చు అక్కడక్కడ అలల్లా ఎగుడుదిగుడుగా ఉంటుంది, గుడి మాత్రం నిలిచింది.

మేం సకినాలు విప్పింది చెరువు గట్టు మీద. చిన్నాయన నోరు విప్పింది కూడా అక్కడే. బుర్జ్ కింద గట్టి బండ లేదట, మెత్తటి రాయి. అందుకే ఒకటిన్నర మీటర్ల వెడల్పున్న కాంక్రీటు పైళ్లు, అంటే నేలలోకి దించే స్తంభాలు, 192 దించారు, ఒక్కొక్కటి నలభై మీటర్లకు పైగా లోతు. బరువును ఆపేది అడుగున ఉన్న బండ కాదు, పైలు ఒడలంతా నేలను రాసుకుని పట్టే పట్టు. వాటి మీద 3.7 మీటర్ల మందం కాంక్రీటు పరుపు. ఎండాకాలం కాంక్రీటు పగలు పోసేవారు కాదు. రాత్రిళ్లు, అదీ ఐసు కలిపి.

"కాంక్రీటులో ఐసా?" మా పెద్దవాడు పడీపడీ నవ్వాడు.

"వేడికి పగుళ్లిస్తుంది మరి. దాన్ని పంపుతో ఆరువందల మీటర్ల ఎత్తుకు ఎక్కించారు. ఆపైన కాంక్రీటు లేదు, ఉక్కే. కొన మీద బరువు పెట్టకూడదు."

నాకు వెంటనే రామప్ప శిఖరం గుర్తొచ్చింది. దాని ఇటుకలు నీళ్లలో తేలేంత తేలిక. ఆ మాట అంటే చిన్నాయన తలెత్తి గుడి శిఖరం వైపు చాలాసేపు చూశాడు. గైడు కన్నా ఆయనకు ఈ గుడి ఎక్కువ తెలుసనిపించింది.

"పైనుంచి ఎలా ఉండేది తాతా?" పెద్దవాడు అడగనే అడిగాడు.

ఈసారి దాటేయలేదు. గోడల ఇనుము బోనుల్లా కిందే కట్టి క్రేన్లతో పైకి పంపేవారట. చిన్నాయన పని ఆ కింది యార్డులో. "నేను కట్టిన ఇనుము అంత ఎత్తుకు వెళ్లింది గానీ నేను వెళ్లలేదురా. అయ్యాక టికెట్టు కొనుక్కుని ఎక్కొచ్చన్నారు. ఆ డబ్బుతో మీ అత్తకు పట్టుచీర కొన్నాను." 2006లో కూలీలు జీతాల కోసం పని ఆపిన సంగతి నేను కదిపితే, సకినం విరిచి నోట్లో వేసుకుని ఊరుకున్నాడు.

మూడో రోజు కోట. వరంగల్ స్టేషన్ నుంచి ఆటోలో పదిహేను నిమిషాలు. లోపల దారి చూపే బోర్డులు తక్కువ, నీడ ఇంకా తక్కువ. ఖుష్ మహల్ త్వరగా చూసేయొచ్చు. కూలిన స్వయంభూ దేవాలయపు శిల్పాలు ఆరుబయట పరిచినట్టు ఉంటాయి. వాటి మధ్య తీరిగ్గా తిరగాలి, కాబట్టి ఉదయమో, ఎండ దిగాకో వెళ్లండి. మేం మధ్యాహ్నం వెళ్లి తప్పు చేశాం. నాలుగు దిక్కులా నాలుగు కీర్తితోరణాలు. చిన్నాయన ఒకదాని కింద నిలబడి పైనున్న అడ్డదూలాన్ని కొలిచినట్టు చూశాడు. తర్వాత రెండో దాని దగ్గరికి వెళ్లాడు. ఆ తర్వాత మూడోది.

"బస్సుకు టైమవుతోంది చిన్నాయనా" అన్నాను.

"క్రేన్ లేకుండా దీన్ని పైకెలా ఎత్తారు?"

"మట్టి వాలు కట్టి దొర్లించి ఉంటారేమో."

"అంత మట్టి మళ్లీ ఎత్తిపోయాలి కదా!" అంటూ నాలుగో తోరణం వైపు నడిచాడు.

నాలుగు గంటల బస్సు వెళ్లిపోయింది. తర్వాతి దాంట్లో సీట్లు దొరకలేదు, కరీంనగర్ దాకా నిలబడే వచ్చాం.