డెబియన్ ఎల్‌టీఎస్: అయిదేళ్ల మద్దతు మాట ఎంతవరకు నిలుస్తోంది

సర్వర్ మీద నడిచే ఆపరేటింగ్ సిస్టమ్ నుంచి నేను ఆశించేవి రెండు. ఈ రోజు పనిచేసినట్టే రేపూ పనిచేయాలి, మధ్యలో బయటపడే భద్రతా లోపాలు ఎప్పటికప్పుడు మూసుకుపోవాలి. వినడానికి చిన్న కోరికలే అయినా ఇవి ఒకదానికొకటి అడ్డుపడతాయి. కొత్త వెర్షన్‌లో లోపాన్ని సరిచేసి ఇవ్వడం ప్రోగ్రామర్‌కు పెద్ద పని కాదు. పాత వెర్షన్‌లో మిగతా దేన్నీ కదపకుండా ఆ ఒక్క లోపాన్ని మాత్రమే తీసేయడానికి ఓపిక కావాలి, పాత కోడ్ బాగా తెలిసి ఉండాలి, పైగా అందులో పేరు కూడా రాదు. డబ్బు తీసుకునే కంపెనీలు ఒప్పందం మేరకు ఈ పని చేస్తాయి. యజమాని అంటూ లేని ఒక సముదాయం, ఒప్పందమూ లేకుండా, ఏళ్ల తరబడి ఈ పని చేయగలదా అనే ప్రశ్నకు డెబియన్ (ఉచితంగా దొరికే ఒక లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) దీర్ఘకాలిక మద్దతు, అంటే అందరూ పిలిచే డెబియన్ ఎల్‌టీఎస్, ఇచ్చిన జవాబునే ఇక్కడ సమీక్షిస్తున్నాను.

డెబియన్ దాదాపు రెండేళ్లకొకసారి ఒక స్థిర విడుదలను ఇస్తుంది. మొదటి మూడేళ్లు దాని భద్రతను డెబియన్ సెక్యూరిటీ బృందం చూస్తుంది, ఆ తర్వాతి రెండేళ్లు ఎల్‌టీఎస్ బృందం చూస్తుంది. ఈ రెండు బృందాలూ వేరు వేరు అన్న సంగతి ఎన్నేళ్లుగానో డెబియన్ వాడుతున్నవారిలో కూడా చాలామంది గమనించరు. 2014కు ముందు కొత్త విడుదల వచ్చిన ఏడాదికి పాత దానికి మద్దతు ముగిసేది. ఆ ఏడాది డెబియన్ 6, అంటే స్క్వీజ్‌తో ఈ ఏర్పాటును ప్రయోగంగా మొదలుపెట్టారు. అప్పట్లో ప్యాకేజీల (సిస్టమ్‌లో వేసుకునే సాఫ్ట్‌వేర్ మూటల) మూలాల ఫైలులో, అంటే అవి ఎక్కడి నుంచి రావాలో చెప్పే ఫైలులో, ఎల్‌టీఎస్ కోసం వేరే వరుస చేర్చుకోవాల్సి వచ్చేది, చేర్చుకోనివారికి సవరణలు అందేవి కావు. తర్వాతిదైన వీజీ నుంచి ఆ బెడద పోయింది. మామూలు భద్రతా వరుసలోనే సవరణలు వస్తూ ఉంటాయి, చేతులు మారిన సంగతి సర్వర్‌కు తెలియను కూడా తెలియదు. 2021 ఆగస్టు 14న వచ్చిన డెబియన్ 11, అంటే బుల్స్‌ఐ, 2024 ఆగస్టులో ఇలాగే ఎల్‌టీఎస్ బృందం చేతికి వెళ్లింది, దాని గడువు 2026 ఆగస్టు 31. ఈ సేవలో నాకు అన్నిటికంటే నచ్చింది ఈ చడీచప్పుడు లేని మార్పిడే.

అసలు పని ఎలా జరుగుతుందో చూడాలంటే నెట్ సంభాషణలను గుప్తీకరించే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ప్యాకేజీని ఒకటి తీసుకుంటే చాలు. బుల్స్‌ఐలో ఉన్నది 1.1.1 వరుస. దాని మూల బృందం, అంటే ఆ సాఫ్ట్‌వేర్‌ను రాసేవారు, 2023 సెప్టెంబర్ 11న ఆ వరుసకు ఉచిత మద్దతు ఆపేసింది. ఆ తర్వాత బయటపడిన లోపాలకు సవరణలు 3.0, ఆపై వరుసలకే బహిరంగంగా వచ్చాయి. ఎల్‌టీఎస్‌లో పనిచేసే వ్యక్తి ఆ సవరణను చదివి, 1.1.1 కోడ్‌లో అదే లోపం ఉందో లేదో ముందు తేల్చుకోవాలి, ఉంటే దానికి తగ్గట్టు ప్యాచ్‌ను, అంటే సవరణ కోడ్‌ను, తిరగరాసి, పరీక్షలు నడిపి, అప్పుడు విడుదల చేయాలి. సర్వర్‌లో ప్యాకేజీ మార్పుల జాబితా చూపే ఆప్ట్ ఛేంజ్‌లాగ్ ఆదేశం ఇచ్చి చూస్తే ఈ శ్రమంతా వరుసగా కనిపిస్తుంది. వెర్షన్ అంకె 1.1.1 దగ్గరే నిలిచి ఉంటుంది, దాని వెనక తోకలా ఉన్న 'డెబ్11యూ' పక్కన సంఖ్య మాత్రం ఒక్కొక్కటిగా పెరుగుతూ ఉంటుంది. ప్రతి మెట్టు కిందా ఏ సీవీఈని (బయటపడిన లోపానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య) మూసారో, ప్యాచ్ ఎక్కడి నుంచి తెచ్చారో, ఎవరు చేశారో పేరుతో సహా రాసి ఉంటుంది. డబ్బు కట్టి కొన్న సాఫ్ట్‌వేర్‌లో కూడా ఇంత వివరమైన పద్దు నాకు అరుదుగా దొరికింది.

వెబ్‌సైట్లు రాసే భాష పీహెచ్‌పీ మీద నడిచే పాత అప్లికేషన్లు ఉన్నవారికి ఈ సేవ విలువ మరింత బాగా అర్థమవుతుంది. పీహెచ్‌పీ 7.4కు మూల బృందం 2022 నవంబర్ 28న మంగళం పాడింది. 8 వరుసకు మారాలంటే చాలా అప్లికేషన్లలో కోడ్ తిరగరాయాల్సిందే. బుల్స్‌ఐలో ఉన్నది 7.4 కాబట్టి, మూల బృందం వదిలేశాక కూడా మూడున్నరేళ్లకు పైగా దానికి భద్రతా సవరణలు అందే ఏర్పాటు ఉంది. ఆ వ్యవధిలో ఒక చిన్న సంస్థ తన కోడ్‌ను నింపాదిగా మార్చుకోవచ్చు.

వెర్షన్ అంకె కదలకపోవడం వల్ల ఒక తలనొప్పి కూడా ఉంది. భద్రతా తనిఖీ సాఫ్ట్‌వేర్లలో కొన్ని పైకి కనిపించే వెర్షన్ అంకెను మాత్రమే చూసి, 'ఇది పాతది, ప్రమాదకరం' అని తేల్చేస్తాయి. నేను పనిచేసిన ఒక సంస్థలో బయటి నుంచి వచ్చిన ఆడిటర్లు ఇలాంటి నివేదికే చేతిలో పెట్టారు. అందులో ఎర్ర అక్షరాల్లో ఉన్న లోపాల్లో అత్యధిక భాగం అప్పటికే మూసుకుపోయినవే. డెబియన్ సెక్యూరిటీ ట్రాకర్‌లో ప్రతి సీవీఈకీ ఏ విడుదల ఏ స్థితిలో ఉందో విడివిడిగా ఉంటుంది కనుక ఒక్కొక్కదానికీ జవాబు చూపించగలిగాము, కానీ ఆ పనికి పట్టిన సమయం తక్కువేమీ కాదు. తప్పు డెబియన్‌ది కాదు. అయినా ఈ విడుదలను ఎంచుకునేవారు ఆ శ్రమను కూడా లెక్కలో వేసుకోవాలి.

పాత సాఫ్ట్‌వేర్ అంటే డొల్ల సాఫ్ట్‌వేర్ అనే అభిప్రాయం ఎంత తొందరపాటో 2024లో రెండుసార్లు తేలింది. ఆ ఏడాది మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే డెవలపర్ ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ యుటిల్స్ 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎవరో కావాలని దొంగదారి పెట్టిన సంగతి బయటపెట్టారు. అది ఇంకా పరీక్షలో ఉండే డెబియన్ టెస్టింగ్, అన్‌స్టేబుల్ శాఖల దాకా వచ్చింది గానీ స్థిర విడుదలల్లోకి రాలేదు. జూలై 1న, సర్వర్‌లోకి దూరం నుంచి లాగిన్ కావడానికి వాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌లో బయటపడిన సీవీఈ-2024-6387, 2006లో ఒకసారి సరిచేసిన లోపమే 8.5 వెర్షన్‌లో తిరిగి చొరబడినది. బుల్స్‌ఐలో ఉన్నది 8.4 కావడంతో ఆ రోజు దాన్ని వాడేవారు చేయాల్సిన పనే లేకపోయింది, కొత్తదైన డెబియన్ 12 వాడేవారు మాత్రం వెంటనే సవరణ వేసుకోవాల్సి వచ్చింది. ఇందుకు ఎదురు ఉదాహరణ కూడా చెప్పాలి. 2021 జనవరిలో, నిర్వాహక అధికారంతో ఆదేశాలు నడిపే సుడోలో బయటపడిన లోపం 2011 నుంచీ కోడ్‌లో దాగి ఉన్నదే. పాత వెర్షన్ వాడినంత మాత్రాన అక్కడ రక్షణ లేదు. అప్పటికే ఎల్‌టీఎస్‌లో ఉన్న డెబియన్ 9కు కూడా ఆలస్యం లేకుండా సవరణ అందింది కాబట్టి దాన్ని నమ్ముకున్నవారు గట్టెక్కారు.

సవరణ తిరగరాసేటప్పుడు పొరపాట్లు జరగవా అంటే, జరుగుతాయి. ఎల్‌టీఎస్ ప్రకటనలకు డీఎల్‌ఏ అనే ముందుపేరు, ఒక సంఖ్య, చివర 1 అనే అంకె ఉంటాయి. సవరణ వల్ల ఏదైనా చెడితే అదే సంఖ్యతో, చివర 2 వేసి మరో ప్రకటన వస్తుంది. దాచిపెట్టకుండా, ఏం చెడిందో చెప్పి సరిచేస్తారు. నా సలహా మటుకు, భద్రతా అప్‌డేట్లను వాటంతట అవే వేసుకునేలా అన్‌అటెండెడ్ అప్‌గ్రేడ్స్ పెట్టుకుని, ముఖ్యమైన సర్వర్లను మాత్రం కొన్ని గంటలు వెనకగా నడపడం మేలు.

ఇక పరిమితుల సంగతికి వస్తే, అయిదేళ్లు అన్న మాట అన్ని ప్యాకేజీలకూ ఒకే విధంగా వర్తించదు. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. బుల్స్‌ఐ విడుదలైనప్పుడు అందులో ఉన్న ప్యాకేజీలు 59,551. ఇన్నిటినీ రెండేళ్లపాటు సమానంగా కాచుకోవడం ఏ బృందానికీ సాధ్యం కాదు. మద్దతు ఆగిపోయినవీ, పరిమితంగా ఉన్నవీ తెలుసుకోవడానికి డెబియన్-సెక్యూరిటీ-సపోర్ట్ అనే ప్యాకేజీ ఉంది. దాన్ని వేసుకుని చెక్-సపోర్ట్-స్టేటస్ ఆదేశం ఇస్తే, మీ యంత్రంలో ఉన్నవాటిలో ఏవి దిక్కులేకుండా మిగిలాయో పేరు, కారణంతో సహా చూపిస్తుంది. ఇంత ఉపయోగపడే సాధనం సర్వర్ వేసినప్పుడే దానంతట అది రాకపోవడం నా దృష్టిలో ఈ సేవలోని పెద్ద లోటు. దాని ఉనికే తెలియనివారు మద్దతు లేని ప్యాకేజీని గాలిలో దీపంలా వదిలేసి, అంతా బాగుందనుకుంటారు.

ప్రాసెసర్ల విషయంలోనూ కోత ఉంది. బుల్స్‌ఐ తొమ్మిది ఆర్కిటెక్చర్లకు విడుదలైతే, ఎల్‌టీఎస్ దశలో మిగిలినవి నాలుగే: ఇంటెల్, ఏఎండీ యంత్రాల 64, 32 బిట్ రకాలు, ఆర్మ్‌లో 64 బిట్, హార్డ్ ఫ్లోట్ రకాలు. పవర్‌పీసీ, ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్ వాడేవారికి అయిదేళ్లు కాదు, మూడేళ్లే అన్నమాట. చిన్న సవరణలన్నీ కలిపి ఇచ్చే పాయింట్ విడుదలలు కూడా ఈ దశలో ఆగిపోతాయి. బుల్స్‌ఐకి చివరిది 2024 ఆగస్టు 31న వచ్చిన 11.11. డెస్క్‌టాప్‌కు ఎల్‌టీఎస్ దశ వాడమని నేను ఎవరికీ చెప్పను. బ్రౌజర్లూ గ్రాఫిక్స్ డ్రైవర్లూ కదిలే వేగానికి ఈ పద్ధతి సరిపడదు.

సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నల్ దగ్గర ఇంకొక చిక్కు పొంచి ఉంది. లినక్స్ కెర్నల్ దీర్ఘకాలిక వరుసలను ఒకప్పుడు ఆరేళ్లు నడిపేవారు. నిర్వహించేవారి మీద భారం ఎక్కువై, వాడేవారు తక్కువై, ఆ గడువును రెండేళ్లకు కుదిస్తున్నట్టు 2023లో చెప్పారు. డెబియన్ 12లో ఉన్న 6.1 వరుసకు మూల బృందం ప్రకటించిన గడువు 2027 డిసెంబర్, డెబియన్ 12 ఎల్‌టీఎస్ గడువు 2028 జూన్ 30. మధ్యలో మిగిలే ఆరు నెలల భారం ఎల్‌టీఎస్ బృందం నెత్తిన పడేదే. ఈ ఖాళీని నింపే పని ఎవరికీ కనిపించదు గనుకనే ఇక్కడ ప్రత్యేకించి చెబుతున్నాను.

ఈ శ్రమకు డబ్బు ఎక్కడిది అన్నది సేవ మన్నికకు సంబంధించిన ప్రశ్న. డెబియన్ డెవలపర్ రఫాయెల్ హెర్ట్‌జోగ్ స్థాపించిన ఫ్రెక్సియన్ అనే ఫ్రాన్స్ సంస్థ, ఎల్‌టీఎస్ వల్ల లాభపడే సంస్థల నుంచి చందాలు పోగుచేసి, డెబియన్ డెవలపర్లకు పనిచేసిన గంటలను బట్టి చెల్లిస్తుంది. ఎవరు ఏ పని చేశారో నెలనెలా నివేదికలు బహిరంగంగా వస్తాయి. 2006లో విడుదల నిర్వాహకులకు జీతం ఇవ్వడానికి డంక్-ట్యాంక్ పేరుతో చేసిన ప్రయత్నం డెబియన్‌లో పెద్ద దుమారమే రేపింది, స్వచ్ఛందంగా పనిచేసేవారిలో కొందరు నొచ్చుకున్నారు. ఆ అనుభవం తర్వాత డబ్బును ప్రధాన ప్రాజెక్టు బయట ఉంచి, ఫలితాన్ని మాత్రం అందరికీ ఉచితంగా ఇచ్చే ఈ పద్ధతి కుదురుకోవడం నాకు మెచ్చదగిన విషయంగా తోస్తుంది. నా అభ్యంతరమల్లా, ఇంత భారం ఎక్కువగా ఒకే సంస్థ చేతుల మీదుగా సాగుతోంది, ఉచితంగా వాడుకుంటున్న పెద్ద కంపెనీల్లో చందా ఇచ్చేవి కొన్నే.

పోలికకు సెంటాస్ అనే మరో లినక్స్ సిస్టమ్ ఉదంతం గుర్తు చేసుకోవాలి. సెంటాస్ 8కి 2029 వరకు మద్దతు ఉంటుందని నమ్మి సర్వర్లు వేసుకున్నవారికి, 2021 చివరితోనే అది ముగుస్తుందని 2020 డిసెంబర్‌లో తెలిసింది. నిర్ణయం ఒక కంపెనీ చేతిలో ఉన్నప్పుడు అలా జరగడానికి అవకాశం ఉంటుంది. డెబియన్‌లో ఆ నిర్ణయం తీసుకోగల యజమాని లేరు. స్క్వీజ్ నుంచి ఇప్పటిదాకా ప్రతి విడుదలకూ ఎల్‌టీఎస్ వచ్చింది. కాగితం మీద ఏ హామీ లేకపోయినా ఈ నడవడికే నాకు ఎక్కువ నమ్మకం కలిగించింది.

గడువు ముగిసేటప్పుడు ఏం చేయాలన్నది ముందే తెలిసి ఉండాలి. డెబియన్‌లో ఒక విడుదలను దాటేసి పై దానికి దూకడానికి మద్దతు లేదు, 11 నుంచి 13కు వెళ్లాలన్నా 12 మీదుగానే వెళ్లాలి. అయిదేళ్ల మద్దతు, రెండేళ్ల విడుదలలు కలిసి రావడం వల్ల నాలుగేళ్లకొకసారి రెండు మెట్లూ వెంటవెంటనే ఎక్కేయవచ్చు, నేను ఎక్కువగా ఆ పద్ధతే పాటిస్తాను. మార్గంలో చిన్న చిన్న గండాలుంటాయి. డెబియన్ 11కు వచ్చేటప్పుడు భద్రతా వరుస పేరు మారింది, 12లో ఫర్మ్‌వేర్‌కు (హార్డ్‌వేర్ లోపల నడిచే కోడ్) వేరే విభాగం ఏర్పడింది. విడుదల గమనికలు చదవకుండా మొదలుపెట్టినవారు సవరణలు రావడం ఆగిపోయిన సంగతి చాలా ఆలస్యంగా గ్రహిస్తారు.

అయిదేళ్లు కూడా చాలనివారికి ఫ్రెక్సియన్ ఈఎల్‌టీఎస్ పేరుతో పదేళ్ల వరకు సాగే మద్దతును డబ్బుకు ఇస్తుంది. అందులో డబ్బు కట్టినవారు వాడే ప్యాకేజీలకే పూచీ. మార్చలేని పాత యంత్రం ఏదైనా ఉంటే అది పనికొస్తుంది. కొత్తగా సర్వర్ వేసేవారు మాత్రం 2025 ఆగస్టు 9న వచ్చిన డెబియన్ 13, అంటే ట్రిక్సీ, వేసుకుంటే ఎల్‌టీఎస్‌తో కలిపి 2030 జూన్ 30 వరకు సవరణలు అందుతాయి. వేసిన రోజే చెక్-సపోర్ట్-స్టేటస్ ఉన్న ప్యాకేజీని కూడా చేర్చుకోండి.