అస్తూరియాస్ జెండా: 150×90 ప్రింట్ వద్దు, 150×100 అల్లిక గుడ్డ తీసుకోండి

స్పెయిన్ ఉత్తర తీరంలోని అస్తూరియాస్ స్వయంప్రతిపత్తి ప్రాంతం మొత్తం ఒకే ప్రావిన్సు. దాని జెండా నీలం గుడ్డ మీద పసుపు శిలువ, ఆ శిలువ చేతులకు వేలాడే ఆల్ఫా, ఒమేగా అక్షరాలు. ఇంతే కదా అనిపిస్తుంది గానీ, అమ్మకానికి వచ్చేవాటిలో తప్పులకు లోటు లేదు.

ముందు కొలత. జెండా నిష్పత్తి 2:3, మన మువ్వన్నెల జెండాకున్నదే. అంటే పొడవు 150 సెం.మీ. అయితే వెడల్పు 100 ఉండాలి. చవగ్గా దొరికే పలచటి పాలియెస్టర్ రకం మాత్రం 150×90. బొమ్మను అందులో ఇరికించడానికి నిలువునా పదో వంతు నొక్కేస్తారు, శిలువ పొట్టిగా, చేతులు బారుగా కనిపిస్తాయి. శిలువ ఉండాల్సింది గుడ్డకు నట్టనడుమ కాదు, కర్ర వైపు కాస్త జరిగి. నడిమధ్యన అచ్చేసినది కనిపిస్తే పక్కన పెట్టేయండి.

అక్షరాల్లో ఆల్ఫా పెద్దది (Α), ఒమేగా చిన్నది (ω). రెండూ పెద్దవే వేసినవి చాలా ఉన్నాయి. ఒక వైపే అచ్చు వేసిన గుడ్డలో వెనక నుంచి చూస్తే ఒమేగా ముందు, ఆల్ఫా తర్వాత వస్తాయి. రెండు అక్షరాలూ అద్దంలో చూసినా అలాగే ఉంటాయి కాబట్టి వరుస మారిందని తొందరగా పట్టుకోలేం. ఇది పోవాలంటే రెండు గుడ్డలు కలిపి, నడుమ వెలుతురు ఆపే పొర పెట్టి కుట్టించుకోవాలి. బరువు పెరుగుతుంది, చిన్న గాలికి ఎగరదు. బయట ఎగరేయడానికి ఒక గుడ్డే మేలు.

శిలువ ఏదో కూడా చూసుకోండి. జెండా మీదిది విజయ శిలువ, అడుగు చేయి పొడవుగా ఉంటుంది. 908లో మూడో అల్ఫోన్సో రాజు, హిమేనా రాణి సమర్పించిన ఆ బంగారు తొడుగు శిలువ నేటికీ ఒవియేదో కెథడ్రల్‌లో ఉంది. చేతులన్నీ సమానంగా ఉంటే అది 808 నాటి దేవదూతల శిలువ, ఒవియేదో నగర చిహ్నం. ఎర్ర నక్షత్రం ఉన్నదైతే వామపక్ష అస్తూరియన్ జాతీయవాదులది, అధికారిక జెండా కాదు.

గుడ్డ చదరపు మీటరుకు 110 గ్రాముల అల్లిక పాలియెస్టర్ అయితే గాలి లోపలి నుంచి పోతుంది, లాగుడు తగ్గుతుంది. కర్ర వైపు మందపాటి పట్టీ, ఇత్తడి రింగులు ఉండాలి. చిరగడం మొదలయ్యేది ఎగిరే అంచు మూలల్లోనే, అక్కడ కనీసం రెండు వరుసల కుట్టు చూడండి. దారాలు ఊడగానే రెండు సెంటీమీటర్లు కత్తిరించి మళ్లీ మడిచి కుట్టేయండి. శిలువ కర్ర వైపు ఉంది కాబట్టి బొమ్మకు ఏమీ కాదు. తడిగా మడిచిపెడితే మాత్రం బూజు మరకలు పడతాయి, అవి పోవు.

రాజముద్ర బ్యాడ్జీల సంగతి వేరు. ముద్రలో శిలువకు అటూ ఇటూ లాటిన్ వాక్యాలు ఉంటాయి: «ఈ గుర్తుతో భక్తుడికి రక్ష, ఈ గుర్తుతో శత్రువుకు ఓటమి» అని. ఎంబ్రాయిడరీలో అక్షరం అయిదు మిల్లీమీటర్ల కన్నా తగ్గితే దారం ముద్ద కడుతుంది. ఎనిమిది సెంటీమీటర్ల బ్యాడ్జీ మీద ఆ వాక్యాలు చదవడం కుదరదు. అంత చిన్నదే కావాలంటే నేసిన రకం అడగండి, అందులో దారం సన్నం.