మార్చిలో మిరప నారు పంపిస్తామంటున్నారా? డబ్బు కట్టే ముందు ఇది చదవండి

న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, న్యూయార్క్ వైపు ఉన్న మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో "ఒరిజినల్ గుంటూరు సన్నం మిర్చి నారు, మార్చిలోనే మీ ఇంటికి" అనే ప్రకటన మళ్లీ తిరగడం మొదలైంది. పోయిన ఏడాది ఇదే ఫోటో, ఇవే మాటలు. అప్పుడు నేను ఆర్డర్ పెట్టాను. ఆరు మొక్కలు, షిప్పింగ్‌తో కలిపి 54 డాలర్లు, జెల్ (బ్యాంకు ఖాతా నుంచి ఖాతాకు నేరుగా డబ్బు పంపే పద్ధతి) చేయమన్నారు. పేరు పెట్టి గొడవ పెంచుకోవడం నాకిష్టం లేదు, వాళ్ల పద్ధతి చెబితే చాలు, మీరే గుర్తుపట్టేస్తారు.

మే నెలలో పంపండి, ఇక్కడ ఇంకా చలి అని ముందే అడిగాను. "లేదక్కా, స్టాక్ అయిపోతుంది, ఇప్పుడే తీసుకోవాలి" అన్నారు. మార్చి మూడో వారంలో డబ్బా వచ్చింది. తడి పేపర్‌లో చుట్టిన మొక్కలు, వెలుతురు చాలక సాగిపోయిన కాడలు, పాలిపోయిన ఆకులు. ఆకు తిప్పి చూస్తే కింద పేనుబంక. లోపల ఒక కార్డు కూడా పెట్టారు: "వసంతం వచ్చేసింది! అందగానే నేలలో నాటి మంచి ఎండ తగలనివ్వండి" అని.

ఈ కార్డు నమ్మకండి. మార్చిలో ఇక్కడ మధ్యాహ్నం 60 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉన్నా రాత్రికి 30ల్లోకి పడిపోతుంది. మిరప వేడి దేశపు మొక్క, 50 డిగ్రీల కన్నా తగ్గితే ఎదుగుదల ఆగిపోయి ఆకులు పసుపు తిరుగుతాయి. మంచు పడిందంటే తెల్లారేసరికి ఉడికించిన తోటకూరలా వేలాడిపోతుంది, ఇక లేవదు. మా వైపు ఏప్రిల్ చివరి దాకా, కొన్నేళ్లు మే మొదటి వారం దాకా కూడా మంచు భయం ఉంటుంది. మదర్స్ డే (మే రెండో ఆదివారం) దాటాకే మిర్చి, టమాటా, వంకాయ బయట నాటాలని ఇక్కడి పాతకాపులంతా చెప్పేది అందుకే. రాత్రిళ్లు వరుసగా 55 పైన ఉంటే అప్పుడు నాటండి.

ఇంకోటి, చలి లేకపోయినా లోపల లైటు కింద పెరిగిన నారును ఒక్కసారిగా ఎండలో పెడితే ఆకుల మీద తెల్ల మచ్చలు వచ్చి కాగితంలా ఎండిపోతాయి. మొదటి రోజు గాలి తగలని నీడలో గంటో రెండు గంటలో ఉంచి లోపలికి తెచ్చేయాలి, అలా వారం పది రోజులు కొంచెం కొంచెం పెంచుతూ పోయాకే పూర్తి ఎండ. అదే కార్డు టెక్సాస్‌లో ఉన్న మా చుట్టాలకూ వచ్చింది. డాలస్‌లో మార్చి చివర నాటితే బతికే అవకాశం ఉంది, అక్కడ ఆ సలహా పెద్ద తప్పేం కాదు. కానీ డాలస్‌కీ, న్యూజెర్సీలోని ఎడిసన్‌కీ ఒకే కార్డు పెట్టేవాడికి మన మొక్క బతుకుతుందా చస్తుందా అన్నది పట్టదు.

అసలు మోసం ఇక్కడుంది. వాళ్ల షరతు ఏంటంటే 48 గంటల్లోపు ఫోటో పంపితేనే రీప్లేస్‌మెంట్, ఆ తర్వాత ఏం జరిగినా మా బాధ్యత కాదు. కార్డులో చెప్పినట్టు నాటితే మొక్క ఆ 48 గంటలు దాటాక ఎప్పుడో ఒక చల్లటి రాత్రి పోతుంది. మా పక్క వీధిలో ఉండే తెలుగువాళ్లకు అచ్చంగా ఇదే జరిగింది, ఒక్క మొక్క మిగల్లేదు. అడిగితే "ట్రాన్స్‌ప్లాంట్ షాక్ అక్కా, మేమేం చేస్తాం" అన్నారట, అంటే చోటు మార్చినందుకే మొక్క డీలా పడిందని. ఒకవేళ బతికినా అది ఏ రకమో తెలియాలంటే కాయ కాయాలి, నాటాక రెండు మూడు నెలలు పడుతుంది. అంటే మార్చిలో పంపడం వల్ల చచ్చినా వాళ్లు సేఫే, బతికినా వాళ్లు సేఫే.

నావి మే దాకా లోపలే ఉంచాను కాబట్టి బతికాయి. జులైలో కాయలు వచ్చాయి. గుంటూరు సన్నం అంటే వేలెడు పొడుగున సన్నగా కిందికి వేలాడాలి కదా, నాకు వచ్చినవి గుత్తులు గుత్తులుగా ఆకాశం వైపు చూస్తున్న పొట్టి కాయలు, ముందు ఊదా, తర్వాత నారింజ, చివరికి ఎరుపు. వరండాలో అందానికి పెంచుకునే రకం అది. ఒక మొక్క మాత్రం హబనెరో అనే విపరీతమైన కారం మిరప జాతి, ఒక్కో కణుపు దగ్గర రెండు మూడు పూలు, ముడతలు పడ్డ పొట్టి కాయలు. పండుమిర్చి పచ్చడి పెడదామనుకున్న నాకు ఆ కాయలు చూశాక ఎంత మండిందో అడగకండి.

ఫోటోలు పంపితే వచ్చిన జవాబు: "మీ నేల అలాంటిది అక్కా, లేకపోతే పక్క మొక్కతో క్రాస్ అయ్యుంటుంది." రెండూ అబద్ధాలే. నీళ్లు, ఎండ మారితే కారం కొంచెం ఎక్కువ తక్కువ అవుతుందేమో గానీ వేలాడే కాయ నిక్కబొడుచుకోదు. క్రాస్ అయితే ఈ ఏడాది కాయ మారదు, ఆ కాయలో గింజ మారుతుంది, తేడా వచ్చే ఏడాది మొక్కలో కనిపిస్తుంది. అంటే నిజంగా క్రాస్ అయ్యుంటే అది వాళ్ల పెరట్లోనే అయింది, రకరకాల మిరపల మధ్య కాసిన కాయల గింజలు తీసి సన్నం అని అమ్మారు. ఈ మాట అన్నాక నన్ను బ్లాక్ చేశారు.

డబ్బు సంగతి. జెల్‌లో మనమే పంపిన డబ్బుకు కొనుగోలు రక్షణ ఉండదు, పోయిందంటే పోయినట్టే. పేపాల్‌లో ఫ్రెండ్స్ అండ్ ఫ్యామిలీ కింద పంపమంటే కూడా అంతే. "ఫీజు తప్పించుకుందాం అక్కా" అని తీయగా అడుగుతారు, ఒప్పుకోకండి. గూడ్స్ అండ్ సర్వీసెస్ కింద కడితే డబ్బు కట్టిన రోజు నుంచి 180 రోజుల్లోపు డిస్ప్యూట్ వేయొచ్చు. మార్చిలో కడితే సెప్టెంబర్ దాకా టైమ్ ఉంటుంది, కాయ చూశాక కూడా అడగొచ్చన్నమాట. అలా కట్టడానికి ఒప్పుకోని అమ్మకందారు దగ్గర మొక్క కాదు, కొత్తిమీర కట్ట కూడా కొనకండి.

నిజానికి మార్చిలో నారు కొనాల్సిన అవసరమే లేదు. బయట నాటడానికి ఎనిమిది నుంచి పది వారాల ముందు గింజ వేస్తే చాలు, అంటే మా వైపు మార్చి మధ్యలో. నారు ట్రే కింద వేడినిచ్చే హీట్ మ్యాట్ పెట్టి మట్టి 80, 85 డిగ్రీల్లో ఉంచితే మామూలు రకాలు త్వరగానే మొలుస్తాయి. హబనెరో, ఘోస్ట్, రీపర్ లాంటి బాగా మంట రకాలు మొలవడానికే రెండు నుంచి నాలుగు వారాలు తీసుకుంటాయి కాబట్టి వాటిని ఫిబ్రవరిలోనే వేసుకోవాలి. ప్యాకెట్ మీద ఏ ఏడాదికి ప్యాక్ చేశారు, లాట్ నంబర్ ఎంత అన్నది ఉండాలి. ఇండియన్ స్టోర్ ఎండుమిర్చి గింజలు కూడా చాలాసార్లు మొలుస్తాయి, హైబ్రిడ్ అయితే మాత్రం తల్లి మొక్కలా కాయవు, అయినా ఖర్చు ఏముంది, వేసి చూడండి. నీలం మిర్చి, రెయిన్‌బో మిర్చి ఫోటోలు పెట్టి విదేశాల నుంచి గింజలు పంపేవాళ్ల జోలికి అసలు వెళ్లొద్దు, బయటి దేశం నుంచి వచ్చే గింజలకు ఫైటోశానిటరీ సర్టిఫికెట్ (తెగులు, పురుగు లేవని పంపే దేశం ఇచ్చే పత్రం) కావాలి. 2020లో ఆర్డర్ పెట్టకుండానే చాలామంది ఇళ్లకు గింజల ప్యాకెట్లు వచ్చినప్పుడు వాటిని నాటొద్దని వ్యవసాయ శాఖ చెప్పింది గుర్తుందా. గింజలతో ఓపిక లేనివాళ్లు మేలో దగ్గర్లోని నర్సరీకి వెళ్లి ఆకు తిప్పి పురుగు చూసి, కుండీ కింద వేళ్లు చూసి తెచ్చుకోండి.

ఈ వారమే డబ్బు పంపేసినవాళ్లు ఉంటే, మే 10 తర్వాతే షిప్ చేయమని ఇవాళే మెసేజ్ పెట్టండి, ఏ రకం అని చెప్పి అమ్మారో రాతలో అడిగి తీసుకుని స్క్రీన్‌షాట్ దాచుకోండి. ఇప్పటికే డబ్బా వచ్చేసి ఉంటే కార్డు పక్కన పడేసి, విప్పుతున్నప్పుడే వీడియో తీసి, ఆకుల వెనక కూడా చూపించి, ఆ 48 గంటల్లోనే పంపించేయండి.