గాల్వెస్టన్‌లో చేపల బోటు: కెప్టెన్ ఎలాంటోడో ఫోన్లోనే తెలిసిపోద్ది

ఈ కెప్టెన్‌కి ఐదుకి ఐదు స్టార్లు ఇస్తున్నా, ఎందుకిస్తున్నానో కాస్త వివరంగా రాస్తా, ఎందుకంటే టెక్సాస్‌లో మనవాళ్లు ఇంత మంది ఉన్నాం, అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చినప్పుడు బోటులో సముద్రం మీదకి తీసుకెళ్దాం అని చాలామందికి ఉంటుంది, కానీ ఏం అడగాలో తెలీక డబ్బులు పోగొట్టుకుని వస్తాం. నేనూ అలా ఒకసారి పోగొట్టుకున్నా.

ముందు ఆ సంగతి చెప్తా. పోయినేడాది జూన్‌లో వేరే బోటు, పేరు వద్దులెండి. వెబ్‌సైట్‌లో ఇంతింత రెడ్ స్నాపర్లు పట్టుకుని నవ్వుతున్న ఫొటోలు చూసి ఒక్క ప్రశ్న కూడా అడక్కుండా ఎనిమిది గంటల ఆఫ్‌షోర్ ట్రిప్ బుక్ చేసేశా, నేనూ మా వాడూ, డాలస్ నుంచి వచ్చిన ఇంకో నలుగురు. ముందురోజు సాయంత్రం గాలి ఎక్కువుంది కదా అని ఫోన్ చేస్తే, ఏం పర్లేదు రండి, రాకపోతే డిపాజిట్ వెనక్కి రాదు అన్నారు. పొద్దున్నే డాక్ దగ్గరికెళ్తే ఇంధనం చార్జీ వేరే, చేపలు కోసినందుకు వేరే అని అప్పుడు చెప్పారు. ఐదడుగుల అలలు. రెండు గంటలు వెళ్తే గానీ చేపలుండే చోటు రాలేదు, మా వాడికి అప్పుడు ఎనిమిదేళ్లు, మొదటి గంట నుంచీ వాంతులే, బోటు అడుగున తువ్వాలు పరిచి పడుకోబెట్టి పక్కన కూర్చున్నా. వెనక్కి తిప్పమని ఎలా అడుగుతాం, మిగతా నలుగురూ మనలాగే డబ్బులు కట్టి వచ్చారు కదా. వాడు ఆ తర్వాత చాన్నాళ్లు బోటు అంటేనే వద్దనేవాడు.

అందుకే ఈసారి మావయ్యగారు, అత్తయ్యగారు కాకినాడ నుంచి వచ్చినప్పుడు, మావయ్యగారు సీవాల్ మీద నిలబడి నీళ్లలోకి చూస్తూ "ఇక్కడ గేలం వేస్తే ఏం పడతాయండీ అల్లుడుగారూ" అని అడిగితే, వెబ్‌సైట్లు పక్కన పెట్టి నలుగురు కెప్టెన్లకి ఫోన్లు చేశా. ముగ్గురు డేట్ అడిగారు, కార్డ్ నంబర్ అడిగారు. ఈయన మాత్రం పావుగంట సేపు నన్నే ప్రశ్నలడిగాడు. ఎంతమంది, వయసులెంత, ఎవరికైనా సముద్రం పడదా, నడుం నొప్పి ఉన్నవాళ్లున్నారా, తినడానికి చేపలు కావాలా లేక పెద్ద చేపతో ఫొటో కావాలా. నేను స్నాపర్ అన్నా. ఆయన ఓపిగ్గా చెప్పాడు: టెక్సాస్‌లో ఒడ్డు నుంచి 9 నాటికల్ మైళ్ల దాకా రాష్ట్రం నీళ్లు, అందులో స్నాపర్ ఏడాది పొడుగునా పట్టొచ్చు, మనిషికి రోజుకి 4, ఒక్కోటి 15 అంగుళాలు ఉండాలి. అది దాటితే ఫెడరల్ నీళ్లు, అంటే కేంద్ర ప్రభుత్వానివి, అక్కడ మనిషికి 2, 16 అంగుళాలు, ఛార్టర్ బోట్లకి, అంటే ఇలా అద్దెకి తిప్పేవాటికి, సీజన్ జూన్ 1న మొదలవుద్ది, ఎన్నాళ్లుంటుందో ఏటా మారుద్ది, పైగా ఆ బోటుకి ఫెడరల్ పర్మిట్ ఉండాలి. గాల్వెస్టన్ దగ్గర సముద్రం చాలా దూరం దాకా లోతుండదు, మంచి స్నాపర్ కావాలంటే బాగా లోపలికెళ్లాలి. "తొమ్మిదేళ్ల పిల్లాడు, డెబ్బైకి దగ్గరున్న పెద్దాయన, వాళ్లని అంత దూరం తిప్పి ఏం సుఖపడతారు, బేలో, అంటే ఒడ్డు పక్కనే ఉండే లోపలి నీళ్లలో, నాలుగు గంటలు చాలు" అన్నాడు. ఆయన దగ్గర పెద్ద బోటు కూడా ఉంది, దాని రేటు దీనికి రెండింతల పైనే. ఆ డబ్బు వదులుకుని మనకి పనికొచ్చేది చెప్పాడు చూడండి, నేను అక్కడే ఫిక్స్ అయిపోయా.

బే ట్రిప్ నాలుగు గంటలకి 650 డాలర్లు, రాడ్లు, ఎర, ఐసు, చేపలు కోసివ్వడం అన్నీ కలిపే. డిపాజిట్ 150, వాతావరణం బాలేకపోతే డేట్ మారుస్తా లేదా మొత్తం వెనక్కి ఇస్తా అని మెసేజ్‌లో రాసి పెట్టాడు.

మా ఫ్రెండ్, వాళ్లావిడ కూడా వస్తామన్నారు, దాంతో ఏడుగురమయ్యాం. కుదరదు అన్నాడు, బతిమాలినా ఒప్పుకోలేదు. ఇలాంటి చిన్న బోట్లకి కోస్ట్ గార్డ్ రూల్ ప్రకారం ఆరుగురు ప్యాసింజర్లే, చంకలో పిల్లున్నా ఆ పిల్లా లెక్కే, చేపలు పట్టకుండా ఊరికే కూర్చునేవాళ్లూ లెక్కే. ఆయన బే బోటైతే ఐదుగురికి మించి హాయిగా ఉండదని ముందే చెప్పేశాడు. ఎవరైనా "పర్లేదు, ఎక్కేయండి" అన్నారంటే ఆ బోటు ఎక్కకండి. కెప్టెన్‌కి కోస్ట్ గార్డ్ లైసెన్సు ఉండాలి, టెక్సాస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ అనే రాష్ట్ర శాఖ వాళ్ల గైడ్ లైసెన్సు కూడా ఉండాలి, అడిగితే ఈయన రెండూ ఫొటో తీసి పంపాడు, ఏమీ అనుకోలేదు. చివరికి అత్తయ్యగారు, ఫ్రెండ్ వాళ్లావిడ ఒడ్డున ఉండిపోయి బొలివర్ ఫెర్రీ ఎక్కారు, అది ఫ్రీ, కారు లేకుండా నడిచి కూడా ఎక్కొచ్చు, డాల్ఫిన్లు కనపడ్డాయట, అత్తయ్యగారు మాకంటే ఎక్కువ సంతోషంగా వచ్చారు.

లైసెన్సు దగ్గర మనవాళ్లు చాలామంది పొరబడతారు. ఫ్లోరిడాలో ఛార్టర్ ఎక్కితే ఆ బోటు లైసెన్సే అందరికీ సరిపోద్ది, టాంపాలో ఉన్న మా కజిన్ అదే చెప్పి నాకేం అక్కర్లేదన్నాడు. టెక్సాస్‌లో అలా కాదు, గేలం పట్టుకునే ప్రతి మనిషికీ సొంత లైసెన్సు ఉండాలి, 17 ఏళ్ల లోపు పిల్లలకి అక్కర్లేదు. నేను ఏడాది సాల్ట్‌వాటర్ ప్యాకేజ్ తీసుకున్నా, 35 డాలర్లు, కానీ అది కొన్న రోజు నుంచి ఏడాది కాదు, ఆగస్టు 31తో అయిపోద్ది, సెప్టెంబర్ మొదట్లో కొంటేనే లాభం. మావయ్యగారు విజిట్ మీద వచ్చారు కాబట్టి నాన్ రెసిడెంట్, ఒక్క రోజు లైసెన్సు తీసుకున్నాం, 16 డాలర్లు. మా ఆవిడకి ఒక్క రోజుది 11. అన్నీ ఆన్‌లైన్‌లోనే అయిపోయాయి.

మొదట అనుకున్న శనివారం వెళ్లలేదు. శుక్రవారం సాయంత్రం ఆయనే ఫోన్ చేసి, నార్త్ గాలి వస్తోంది, మీరు రావొద్దు, వచ్చే వారం పెట్టుకుందాం అన్నాడు. మనం అడక్కముందే. గాలీ అలలూ ఎక్కడ చూడాలో కూడా చెప్పాడు, గాల్వెస్టన్‌కి తూర్పున 22 నాటికల్ మైళ్ల దూరంలో 42035 అని ఒక బోయా, అంటే నీళ్ల మీద తేలుతూ కొలతలు తీసే పరికరం, ఉంది, ప్రభుత్వానిదే, అలల ఎత్తు ఎప్పటికప్పుడు నెట్‌లో పెడతారు. పోయినేడాది నాకది తెలిసుంటే మా వాణ్ణి ఆ బోటు ఎక్కించేవాణ్ణి కాదు.

తర్వాతి శనివారం పొద్దున్న ఆరున్నరకి బయల్దేరాం. అక్టోబర్ కాబట్టి ఎండ లేదు, నీళ్లు అద్దంలా ఉన్నాయి. మా వాడికి ముందురోజు రాత్రే వాంతుల మాత్ర వేశాం, పొద్దున ఇడ్లీ రెండే పెట్టాం. లైఫ్ జాకెట్ వాడి సైజుది కెప్టెన్ ముందే తెచ్చిపెట్టాడు, 13 ఏళ్ల లోపు వాళ్లకి ఇలాంటి బోట్లలో తప్పనిసరి, వాడు గొణిగినా వినకుండా బకిల్ తనే పెట్టి, పట్టుకుని లాగి చూశాడు.

పెద్ద పెద్ద ట్యాంకర్లు వెళ్లే ఛానెల్ పక్కన, రాళ్ల కట్ట దగ్గర ఆపాడు. బతికున్న రొయ్యని గేలానికి గుచ్చి పైన బెండు కట్టి విసరడం, అప్పుడప్పుడూ రాడ్ ఒక కుదుపు కుదిపితే బెండు టప్‌మని చప్పుడు చేస్తది, ఆ చప్పుడుకి చేప వస్తది. మావయ్యగారికి ఇంగ్లీషు పెద్దగా రాదు, కెప్టెన్‌కి తెలుగు రాదు, కానీ పది నిమిషాల్లో వాళ్లిద్దరూ చేతులతోనే మాట్లాడేసుకుంటున్నారు. మొదట పడింది నాకే, బూడిద రంగులో మీసాల చేప, తీసి పట్టుకోబోతుంటే మావయ్యగారు గట్టిగా "అల్లుడుగారూ, జెల్లండీ అది, ముట్టుకోకండి, ముల్లు గుచ్చుతాది" అని అరిచారు, అదే క్షణంలో కెప్టెన్ కూడా చెయ్యి అడ్డం పెట్టాడు. ఇక్కడ దాన్ని హార్డ్‌హెడ్ అంటారు, మన జెల్లల కుటుంబమే, వీపు మీదా పక్క రెక్కల్లోనూ విషపు ముళ్లు. ప్లయర్స్‌తో గేలం తిప్పి నీళ్లలో వదిలేశాడు. మావయ్యగారు ఆ రోజంతా ఆ ఒక్క మాటతో హుషారుగా ఉన్నారు, ఖండాలు దాటొచ్చినా చేపని గుర్తుపట్టారు కదా.

ఆయనకి సుగర్ ఉంది. ఈ సంగతి ఫోన్లో చెప్పినందుకు కెప్టెన్ ఆయన కోసం గ్లవ్స్ తెచ్చాడు. గల్ఫ్ గోరువెచ్చటి ఉప్పు నీళ్లలో విబ్రియో అనే బాక్టీరియా ఉంటుంది, చిన్న గాయంలోంచి ఎక్కినా సుగర్ ఉన్నవాళ్లకి, లివర్ జబ్బు ఉన్నవాళ్లకి చాలా ప్రమాదం. పెద్దవాళ్లని తీసుకెళ్లేవాళ్లు ఇది తప్పకుండా చెప్పండి, కాలికి పుండు లాంటిదేమైనా ఉంటే ఆ ట్రిప్ మానేయండి.

ఎనిమిదిన్నరకి మా వాడి బెండు ఒక్కసారిగా మాయమైంది. మునగడం కాదు, మాయమే. రీల్ కుయ్యిమని తిరుగుతోంది, వాడు రెండు చేతులతో పట్టుకుని కాళ్లు తన్నిపెట్టి నిలబడ్డాడు, నేను పట్టుకోబోతే కెప్టెన్ వద్దని సైగ చేశాడు, వాడి నడుం దగ్గర బెల్టు మాత్రం పట్టుకున్నాడు. ఐదారు నిమిషాలు. పైకొచ్చేసరికి రాగి రంగులో మెరుస్తా రెడ్‌ఫిష్, తోక దగ్గర కాటుక బొట్టు పెట్టినట్టు నల్ల మచ్చ, చేతిలోకి తీసుకుంటే లోపల్నుంచి డప్పు కొట్టినట్టు గుర్రుమంది. తోక దగ్గరికి నొక్కి కొలబద్ద మీద పెట్టాడు, 24 అంగుళాలన్నర. టెక్సాస్‌లో రెడ్‌ఫిష్ 20 నుంచి 28 అంగుళాల మధ్య ఉంటేనే ఉంచుకోవాలి, మనిషికి రోజుకి 3. తర్వాత నాకు 31 అంగుళాలది పడింది, 28 దాటినా నా ఏడాది లైసెన్సుతో వచ్చే ట్యాగ్, అంటే పెద్ద చేపకి వాడే చీటీ, వాడి ఉంచుకోవచ్చు, కానీ అంత పెద్దవి గుడ్లు పెట్టే తల్లులండీ, వదిలేద్దామా అన్నాడు, వదిలేశాం. నీళ్లలో తోక పట్టుకుని ముందుకీ వెనక్కీ ఆడించి, అది తనంతట తాను గింజుకుని వెళ్లేదాకా ఆగాడు. ట్రౌట్ రెండు చిన్నవి పడ్డాయి, 15 అంగుళాలు లేవు, అవీ వెనక్కే. మొత్తం నాలుగు రెడ్‌ఫిష్‌లు ఇంటికొచ్చాయి.

ఒక లోపం చెప్పాలి. బోటులో టాయిలెట్ లేదు, మా ఆవిడకి ఇబ్బందైంది. చెప్పగానే మారు మాట్లాడకుండా మెరీనాకి తిప్పాడు, అరగంట పోయింది, ఆ అరగంట చివర్లో కలిపాడు కూడా, కానీ ఫోన్లో అన్ని ప్రశ్నలడిగిన మనిషి ఇది ముందే చెప్పుండాల్సింది. ఆడవాళ్లుంటే, పెద్దవాళ్లుంటే మీరే అడగండి. నీడ కూడా లేదు, జూలైలో అయితే ఈ బోటులో పెద్దవాళ్లని తీసుకెళ్లమని నేను చెప్పను.

ఇక డాక్ మీద చేపలు కోసే బల్ల. ఇక్కడ వాళ్లు రెండు పక్కలా కండ తీసేసి, తలా వెన్నుముల్లూ పెలికాన్లకి విసిరేస్తారు, ఆ పక్షులు అప్పటికే వరసగా కూర్చుని ఉన్నాయి. కెప్టెన్ మొదటి చేప తల పక్కకి తోసేసరికి మావయ్యగారి మొహం చూడాలి, "అయ్యయ్యో తలకాయ పారేత్తన్నాడండీ" అన్నారు. నేను చెప్పా, మాకు తలలు కావాలి, ముల్లుతో సహా ముక్కలు కావాలి, పులుసు పెట్టుకుంటాం అని. ఒక్క నిమిషం ఆశ్చర్యపోయి, తర్వాత ఎలా కొయ్యాలో మావయ్యగార్నే చూపించమన్నాడు. రెడ్‌ఫిష్ పొలుసు గోళ్లంత మందంగా ఉంటది, మామూలు కత్తి ఆగదు, కెప్టెన్ దగ్గర పొలుసు గీసేది ఉంది, అది తెచ్చిచ్చి పక్కన నిలబడ్డాడు. మావయ్యగారు మొప్పలు తీసి, తల రెండుగా చీల్చి, మొండెం అడ్డంగా అంగుళం మందాన ముక్కలు కోశారు. ఒక్క చేప మాత్రం కెప్టెన్ వాళ్ల పద్ధతిలో పొలుసుతోనే కండ తీసిచ్చాడు, పొలుసు కిందకి పెట్టి గ్రిల్ మీద వెయ్యమన్నాడు, అదీ బాగుంది, కానీ ఆ రాత్రి అత్తయ్యగారు చింతపండు పులుసులో పెట్టిన తలకాయ ముందు ఏమీ నిలబడదు.

టిప్ ఇక్కడ 15 నుంచి 20 శాతం మామూలు, అది బడ్జెట్‌లో ముందే వేసుకోండి, నేను 130 ఇచ్చా. అన్నీ కలిపి ఐదుగురికి 850 లోపే అయింది, మా ఫ్రెండ్ సగం పెట్టుకున్నాడు.

మా వాడు ఇంటికొచ్చేటప్పుడు కార్లో మళ్లీ ఎప్పుడు అని అడిగాడు. స్ప్రింగ్ బ్రేక్‌కి బుక్ చేశా, అదే కెప్టెన్, అదే బోటు. ఈసారి కూలర్ పెద్దది తీసుకెళ్తున్నా, తలకాయలు చాలా చోటు తీసుకుంటాయి, ఆ రోజు రెండు తలలు కవర్లో పెట్టి మా ఆవిడ కాళ్ల దగ్గర పెట్టుకుని రావాల్సొచ్చింది.