వన్‌వే వాల్వ్ ట్యూబు: బ్రేక్ బ్లీడింగ్‌కి ఇంకో మనిషి అక్కర్లేదు

బ్లీడింగ్ అంటే బ్రేక్ లైన్‌లోని పాత ఆయిల్‌నీ గాలినీ బయటికి తీయడం. ఇంట్లోనే బైక్ బ్రేక్ ఆయిల్ మార్చుకునేవాళ్లకి, ఆయిల్‌ని పీల్చే వాక్యూమ్ పంపు కంటే ఈ చిన్న ట్యూబే మేలు: దీని వాల్వ్ ఆయిల్‌ని బయటికి వదులుతుంది, గాలిని వెనక్కి రానివ్వదు. పంపైతే నిపుల్ (బ్రేక్ దగ్గర ఆయిల్ బయటికి వదిలే చిన్న స్క్రూ) మరల సందుల్లోంచి కూడా గాలి లాగుతుంది. లైన్ శుభ్రంగా ఉన్నా బుడగలు ఆగవు, ఎప్పుడు ఆపాలో తెలీదు.

ముందు నిపుల్‌కి రింగు స్పానర్ పెట్టి, తర్వాతే ట్యూబు తొడగండి. చాలా బళ్లకి 8 ఎంఎం సరిపోతుంది. పావు చుట్టు వదులు చేసి లివర్ నిదానంగా నొక్కి వదలాలి. టీ డికాక్షన్‌లా ఉన్న పాత ఆయిల్ పోయి లేత తేనె రంగు వచ్చేదాకా అంతే.

లోపం ఒకటుంది: ట్యూబు బిరుసు, నిపుల్‌ని గట్టిగా పట్టదు. జిప్ టై బిగించాల్సిందే. వాల్వ్‌నే పూర్తిగా నమ్మకండి, చివరిసారి లివర్ నొక్కి పట్టుకునే నిపుల్ మూయండి.

రిజర్వాయర్‌లో ఆయిల్ మినిమమ్ గీత దిగితే గాలి మింగేస్తుంది, పని మళ్లీ మొదటికే. ఏబీఎస్ (బ్రేక్ వేసినప్పుడు చక్రం లాక్ కాకుండా చూసే ఏర్పాటు) మాడ్యూల్‌లోకి గాలి చేరితే ఈ ట్యూబు చాలకపోవచ్చు, స్కానర్ ఉన్న సర్వీస్ సెంటర్‌కి వెళ్లాల్సి రావచ్చు. సీలు తీయని 250 ఎంఎల్ డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ డబ్బా రెండు చక్రాలకీ సరిపోతుంది. తెరిచి దాచిన డబ్బా వద్దు: తేమ పీల్చుకుంటే 230 డిగ్రీలు తట్టుకోవాల్సిన ఆయిల్ 155 దగ్గరే మరగొచ్చు. ట్యాంకు మీద చుక్క పడితే వెంటనే నీళ్లతో కడగండి, పెయింటు లేచిపోతుంది.